జొన్నరొట్టెల డబ్బా చుట్టూ మూడు ఆఫీసులు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి వస్తుంటే, పిల్లర్ పక్కన ఒకావిడ జొన్నరొట్టెలు కాలుస్తోంది, ఆమె ముందు షుగర్ వచ్చినవాళ్లూ, వస్తుందేమోనని భయపడేవాళ్లూ గుమిగూడి ఉన్నారు, వెనక గోడ మీదేమో చిరుధాన్యాలు తినమని సర్కారు వారి బోర్డు. దాని అడుగున అన్ని శాఖల పేర్లూ బుద్ధిగా ఒకే వరుసలో ఉన్నాయి. చూడగానే నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. మా కాలపు ఉద్యోగులకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎల్బీనగర్‌లో మాదొక పాత కిరాయి బిల్డింగు. కింద వ్యవసాయం వాళ్లు, పైన ఒక గదిలో ధాన్యం కొని రేషన్‌కు పంపేవాళ్లు, పక్క గదిలో పిల్లల హాస్టళ్లు చూసే మేము. మధ్యలో ఒక్కటంటే ఒక్క గోడ. అయినా ఆ గోడ అవతలికి కాగితం పోవాలంటే ముందు మా పెద్దాఫీసుకు, అక్కడి నుంచి వాళ్ల పెద్దాఫీసుకు పోయి, తీరిగ్గా ఎల్బీనగర్‌కు తిరిగి రావాలి. నోటితో చెప్పుకోవడం పద్ధతి కాదు. మధ్యాహ్నం మాత్రం అందరం వరండాలో ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పేవాళ్లం. పిల్లల చదువులూ, నల్లా రాకపోవడమూ అన్నీ మాట్లాడుకునేవాళ్లం, ఆఫీసు సంగతి తప్ప.

మా అక్కను అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఊళ్లో ఇచ్చారు. బావది వాన మీద ఆధారపడ్డ చేను. ఆ ఏడు కింది ఆఫీసు వాళ్లు విత్తనాలిచ్చి మరీ జొన్న వేయించారు, పంట చక్కగా వచ్చింది. అమ్మబోతే పక్క గది వాళ్లు వడ్లయితేనే కొంటామన్నారు. మా హాస్టళ్లలోనేమో రెండు పూటలా అన్నమే. పిల్లలకు అప్పుడప్పుడూ రొట్టె పెడదాం, ఆ జొన్నలు కొనమని పక్క గదికి రాయండి అని మా సారును బతిమాలితే ఆయన రాశారు, కాగితం పైకి పోయింది. ఈ జొన్న అమ్ముడుపోకపోతే బోరు వేసి వరి పెడతానని బావ పట్టుబట్టాడు. ఆ నేలలో నీళ్లెక్కడివి, చేను దక్కదని అక్కకు ఒకటే బెంగ.

ఆ రోజుల్లో అక్క బావ చేతికిచ్చి నాకు జొన్నరొట్టెలూ పుంటికూరా పంపేది. మూత తీస్తే చాలు, మూడు ఆఫీసుల చేతులూ డబ్బాలోనే! ఒక రోజు అలా తింటుండగానే టపాలో జవాబు వచ్చింది: జొన్నలకు వాడకం లేనందున కొనుగోలు అవసరం లేదు. మెట్ల మీద కూర్చున్న బావ చదివి వినిపించమన్నాడు. విని, ఖాళీ డబ్బా వైపు చూసి, “తినెటోళ్లే లేరని రాసిండ్రా మరదలా? మరి గిప్పుడు తిన్నదెవరు?” అన్నాడు. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. పక్క గది సారు మంచి మనిషే పాపం, మూతి తుడుచుకుంటూ, “నేనేం చేయనండీ, మాకు పైనుంచి అలాగే వచ్చింది” అన్నారు. ఆయన చెప్పింది నిజమే.

మరుసటి ఏడు బావ బోరు వేశాడు. కొన్నాళ్లు నీళ్లు వచ్చాయి, తర్వాత ఎండిపోయింది. దాని పక్కన ఇంకొకటి వేశాడు, అదీ అంతే. చివరికి చేను ప్లాట్ల వాళ్ల చేతికి పోయింది. హద్దురాళ్లు పాతిన రోజున అక్క అన్నం ముట్టలేదు. ఎవరిని తిట్టుకోవాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు మరి.

మొన్న ఆ రొట్టెలే కట్టించుకుని, సరూర్‌నగర్‌లో ఉంటున్న అక్కావాళ్లింటికి పోయాను. విత్తనమిచ్చేవాళ్లూ, కొనేవాళ్లూ, పిల్లలకు వండిపెట్టేవాళ్లూ ఇన్నాళ్లకు ఒక్క మాట మీదికి వచ్చారట అని బోర్డు సంగతి చెప్పాను. బావ రొట్టె తుంచి నమిలి, “మంచిదే గద” అన్నాడు. ఇంకో ముక్క తుంచుకుంటూ, జొన్నలు ఏడికెల్లి తెస్తున్నరని అడిగాడు. ఎక్కడో రాయచూరు దిక్కు నుంచట అన్నాను.

“మన దిక్కు ఎవ్వరు ఏస్తలేరా?” అన్నాడు, చేను ఇంకా తనదేనన్నట్టు.