రాకాసిబల్లి పొట్ట మీది పొలుసులు

తెనాలిలో మాది సిమెంటు విగ్రహాల పని. దేవుళ్ళను చేస్తాం, చనిపోయిన పెద్దలను చేస్తాం. బాపట్లలో ఒక బడివాళ్ళు మాత్రం ఒకసారి రాకాసిబల్లిని చెయ్యమన్నారు. పుస్తకంలో బొమ్మ చూసి ఒళ్ళు నేను నిలబెట్టాను. పచ్చి సిమెంటు మీద చెంచా అంచుతో పొలుసులన్నీ మా ఆవిడ దిద్దింది. రేపల్లెలో చేపల రేవు పక్కన పుట్టిన మనిషి, అచ్చం బొచ్చెచేప పొలుసుల్లా దిద్దింది.

"బల్లికి చేప పొలుసులేంటే?" అన్నాను.

"నేను చూసినవి అవే కదండీ" అంది. పైగా దేవుడి విగ్రహానికిలాగే దానికీ కళ్ళు చివరన పెట్టించి కొబ్బరికాయ కొట్టింది. బడంతా ఒకటే నవ్వు.

ఆవిడ పోయి రెండేళ్ళు. మిగతా విగ్రహాల మీద ఆవిడది రంగు పనే, అది ఎప్పుడో వెలిసిపోయింది. చేతిపని మిగిలింది ఆ బల్లి మీదే.

మొన్న ఆ బడి సైన్సు టీచరమ్మ ఫోన్ చేసింది. అలాంటి బల్లుల ఎముకలు ఎక్కడో దొరికాయట, చుట్టూ రాతి మీద ఈకల అచ్చులు కూడా ఉన్నాయట. మన బల్లికీ ఈకలు పెట్టాలంది. నాకు ఒళ్ళు మండింది. కోట్ల ఏళ్ళ కిందట చచ్చినదానికి ఇప్పుడు ఈకలేంటి? అయినా పిల్లలకు తప్పు చూపించకూడదు కదా. సంచి సర్దుకుని ఒక్కణ్ణే రైలెక్కాను. టిఫిన్ డబ్బా పట్టుకుని ఎదురుగా కూర్చునే మనిషి లేదు.

పాత సిమెంటు మీద కొత్తది పట్టాలంటే ముందు ఉలితో గాట్లు పెట్టాలి. అంటే ఆవిడ దిద్దిన పొలుసులను నా చేత్తో నేనే పగలగొట్టాలి. వీపు మీద కొట్టాను, మెడ మీద, తోక మీద కొట్టాను. పొట్ట దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. బల్లి కిందే చతికిలబడ్డాను.

టీచరమ్మ మంచినీళ్ళు తెచ్చింది.

"పొట్టకు కూడా ఈకలున్నట్టు దొరికిందా అమ్మా?"

ఆ అమ్మాయి ఫోన్ తీసి చాలాసేపు చదివింది. "ఆ రాయిలో పొట్ట భాగం లేదంట బాబాయిగారూ. ఇంకా తెలీదండి."

"తెలిసేదాకా అక్కడ ఉలి పెట్టను."

సరేనంది. మిగతా ఒంటికి ఈకలు దిద్ది వచ్చేశాను.

ఆ ఎముకలు దొరికిన చోట ఇంకా తవ్వుతూనే ఉన్నారట. పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది. నేను మాత్రం ఆ పొట్ట భాగం వాళ్ళకెప్పటికీ దొరక్కూడదని, నేను చేసిన దేవుళ్ళందరికీ రోజూ మొక్కుకుంటున్నాను.