ఉప్పలయ్య బండి ఎక్కిన బండి

సూర్యాపేటలో ఉప్పలయ్య కూర్చుని ఉండగా చూసినవాళ్లు లేరు, తన మోటారు బండి మీద తప్ప. వెనక గంపనిండా స్టీలు గిన్నెలు కట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ఆడవాళ్లు దాచిపెట్టిన రాలిన వెంట్రుకలు తీసుకుని గిన్నెలు ఇస్తాడు. చాయ్ కూడా నిలబడే తాగుతాడు, అదీ సగమే.

ఆ పొద్దున బండి క్లచ్ పోయింది. బండి తిరక్కపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా దాన్ని మిర్యాలగూడలో హన్మా అనే మెకానిక్‌ని తప్ప ఇంకెవరినీ ముట్టనివ్వడు. అందుకే పికప్ వ్యాను నడిపే సాంసన్‌ను పిలిచాడు.

సాంసన్ పికప్‌ను రోడ్డు పక్క మట్టిగట్టుకు వెనక్కి ఆనించాడు. గట్టూ, పికప్ వెనక తొట్టి అడుగూ దాదాపు ఒకే ఎత్తు. మధ్యలో చెక్క వేసి, గంప దింపించి, తను హ్యాండిల్ పట్టుకుని బ్రేకు మీద వేళ్లుంచాడు. ఉప్పలయ్య వెనక నుంచి నెట్టాడు. బండి ఎక్కింది. దాని మీద ఉప్పలయ్య కూడా ఎక్కి, హెల్మెట్ పెట్టుకుని, క్లిప్పు బిగించాడు.

"గిదేంది మామా?"

"నేను పట్టుకొని కూసుంట. నువ్వు పోనియ్యి."

"బ్రేకేస్తే నువ్వు, బండి కలిసి నా నెత్తి మీదికొస్తరు. దిగు జర."

"సైడు స్టాండేసిన గద అల్లుడా!"

"గుంతల పడితే గా స్టాండే వంగి పడేస్తది. దిగమంటే దిగు."

సణుగుతూ దిగాడు. సాంసన్ స్టాండు తీసేశాడు. ముందు చక్రాన్ని గోనెసంచి అడ్డంపెట్టి క్యాబిన్‌కు ఆనించాడు. హ్యాండిల్ నుంచి రెండు వైపులా తాళ్లు లాగి, ముందు షాక్ అబ్సార్బర్లు కిందికి అణిగేదాకా బిగించాడు. వెనక కూడా రెండు తాళ్లు. ఊపి చూస్తే పికప్పే ఊగింది.

ఇక క్యాబిన్‌లో ఒళ్లో గంపతో ఉప్పలయ్య పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. కాళ్లాడిస్తాడు, అద్దం దింపుతాడు, మళ్లీ ఎక్కిస్తాడు.

"ఆపు, జర సూసొస్త."

ఆపాడు. తాళ్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. కొంచెం దూరం పోగానే మళ్లీ ఆపమన్నాడు. మళ్లీ అంతే. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక్కి చూస్తూ ఎగిరి తల పైకప్పుకు కొట్టుకున్నాడు. హెల్మెట్ తీయలేదు కాబట్టి బతికిపోయాడు. గిన్నెలన్నీ గణగణమన్నాయి. బండి మాత్రం ఇంచు కదల్లేదు.

"తాడు నీకు కట్టాల్సింది మామా."

ఉప్పలయ్య ఆ తర్వాత వెనక్కి చూడలేదు. ఊరొకటి రాగానే కిటికీలోంచి అలవాటుగా గొంతెత్తాడు. "వెంట్రుకలకు గిన్నెలే...!" గుమ్మంలో నిలబడ్డ ఒకామె కవరు ఊపింది.

"ఆపు, ఆపు!"

"మల్ల బండి సూస్తవా?"

"బండికేమైతది, నువ్వు కట్టినంక? గామె చేతుల కవరు సూడు, ఎంత లావున్నదో!"

హెల్మెట్ మీదే గంప పెట్టుకుని ఉరికాడు.