విమానం దారిలో మూడు తాటిచెట్లు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం చలికాలంలో నన్ను సూర్యాపేట నుంచి డిప్యుటేషన్ మీద ఒక చిన్న విమానాశ్రయం పనికి పంపారు. అప్పటికి నేను కరెంటు శాఖలో ఏడీఈని, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్ని. మిర్యాలగూడ దిక్కున, ఊళ్లకు దూరంగా ఉన్న ప్రభుత్వ భూమిలో రన్‌వే వేయాలన్నది ప్రతిపాదన. అక్కడికి కరెంటు, నీళ్లు తేవడం, విమానం దిగే దారిలో అడ్డున్నవాటిని గుర్తించడం నా బాధ్యత. కోదాడ హోటళ్లలో అప్పుడే టికెట్ ధర మీద వాదనలు నడిచేవి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నవ్వుకునేవాణ్ని గానీ, ఆ సోమలింగం కోసం నేనూ ఎదురుచూశాను. బోర్లకు, మిల్లులకు కరెంటిస్తూ సర్వీసంతా గడిపినవాడికి ఒక్క రన్‌వే దీపాల వరుస వెలిగించాలని ఉండదా?

రన్‌వే చివరి నుంచి ఆకాశంలోకి మెల్లగా లేచే ఒక ఊహా వాలు ఉంటుంది. విమానం దాని మీదుగా దిగుతుంది కాబట్టి దాన్ని దాటి ఏదీ పైకి రాకూడదు. కొలిచి చూస్తే ఒక కరెంటు లైను, ఒక రైస్‌మిల్లు పొగగొట్టం అడ్డు తేలాయి. వాటితోపాటు గీత కార్మికుడు సైదులు తన మెట్ట చెలక గట్టు మీద కల్లు గీసుకునే మూడు తాటిచెట్లు.

సైదులుకు సంగతి చెప్పాను.

"విమానం జర పక్కకెళ్లి దిగరాదా సారూ?" అన్నాడు.

రన్‌వే ఏ దిక్కున ఉండాలో గాలిని బట్టి నిర్ణయిస్తారని చెప్పాను. చెట్ల వైపు చూశాడు. "విమానమొస్తదంటే ఇస్త సారూ. రాకుంటే మాత్రం నా బతుకు ఆగమైతది" అన్నాడు.

లైను మార్చడానికి, పొగగొట్టం ఎత్తు తగ్గించడానికి వేర్వేరు పద్దుల్లో నిధులు రావాలి. చెట్ల నరికివేతకు మాత్రం మంజూరు ఉంది, మార్చి దాటితే అది మురిగిపోతుంది. లైను పనికి అనుమతి వచ్చేదాకా చెట్ల జోలికి వెళ్లవద్దని పైకి రాశాను. ఉన్నది ఖర్చు చేసి చూపిస్తేనే మిగతాది అడగగలమని జవాబొచ్చింది. సర్కారు కొలువుల్లో అది పాత పద్ధతే.

నరికే రోజు, చివరిసారి ఎక్కుతానని సైదులు నడుముకు మోకు బిగించాడు. పైకి చేరి అక్కణ్నుంచే అరిచాడు: "సారూ, మీ విమానం దిగుడు సూడాలంటే గీడికెళ్లే మంచిగ కనబడ్తది!"

కూలీలు నవ్వారు. సైదులు కుండలు దించి, నరకడానికి వచ్చినవాళ్లకే తాటాకు దొప్పల్లో కల్లు పోశాడు. సాయంత్రానికి మూడు చెట్లూ నేల మీద ఉన్నాయి.

మిగతా నిధులు రాలేదు. లైను, పొగగొట్టం ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను రిటైరయ్యాక ఒకసారి మిర్యాలగూడలో సైదులు కనిపించాడు. మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. తిడతాడనుకున్నాను. "విమానం ఎప్పుడొస్తది సారూ?" అని అడిగాడు. నాకూ తెలియదన్నాను.

"వస్తే జర చెప్పుండ్రి. పని ఇడిసిపెట్టొస్త" అన్నాడు.

హైదరాబాద్ వైపు పోయే విమానం మోత వినబడితే ఇప్పటికీ వాకిట్లోకి వచ్చి తలెత్తుతాను. ఒక్కటైనా మా నేల మీద దిగితే చూడాలన్న ఆశ చావలేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. కరెంటు స్తంభం పీకేస్తే మర్నాడు మళ్లీ పాతవచ్చు. తాటిచెట్టు కల్లు గీతకు రావాలంటే ఒక తరం పడుతుంది. తిరిగి నిలబెట్టలేనిదాన్ని అన్నిటికంటే చివర తొలగించాలి.