మా ఎద్దులు ఏ రాష్ట్రానివి

ఇప్పటి పిల్లలకు నవ్వులాటగా ఉంటుంది గానీ, నా చిన్నతనంలో రాష్ట్రమనేది గాలిలాంటిది, ఉందో లేదో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కౌతాళం పక్కన మా పల్లె. అక్కడి నుంచి అరపూట నడిస్తే మా అవ్వ (మా అమ్మను కన్న తల్లి) ఊరు. రెండూ బళ్ళారి జిల్లాలోవే. మాది తెలుగు ఎక్కువ, అవ్వ ఊరిది కన్నడం ఎక్కువ. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకే చట్టిలో ఉడికేవి. మా నాయన అమ్మతో తెలుగులో మాట్లాడేవాడు, ఎద్దులతో కన్నడంలో మాట్లాడేవాడు. మేము వేరు కాపురం పెట్టినప్పుడు ఆ ఎద్దులను అవ్వే తన ఊరి నుంచి తోలించింది. కాపురానికి వచ్చి అమ్మ తెలుగు నేర్చుకుంది, అవి నేర్చుకోలేదు.

అలాంటి కాలంలో జిల్లాను రెండు చేస్తారని, తెలుగు ఊళ్ళు ఆంధ్రకు, కన్నడ ఊళ్ళు మైసూరుకు పోతాయని ఆదోని పత్తి మండీకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఎవరో ఆఫీసరు వచ్చి ఊరి మాట విని రాసుకుంటాడట. నాయనకు ఆంధ్ర కావాలి. నాకు అవ్వ కావాలి. పత్తి తీసే కాలమంతా అవ్వ మా ఇంట్లోనే ఉండేది, ఆమె కొంగు చుట్టుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. "గీత గీసినంక మీ అవ్వను ఈడికి రానియ్యరులే" అని నాయన నన్ను ఏడిపించడానికి అన్నాడు. నేను నిజమే అనుకున్నాను. (ఎనిమిదేళ్ళ దాన్ని, నాయన మాట కంటే పెద్ద సర్కారు నాకేముంది.) అయితే మా ఊరు కూడా మైసూరుకే పోవాలని తీర్మానించుకున్నాను.

వాన పడిన మరుసటి రోజే ఒక జీపు వచ్చి మా చేని పక్కన నల్లరేగడిలో దిగబడింది. టోపీ పెట్టుకున్నాయన దిగాడు. నాయన పరుగున ఎద్దులను తోలుకొచ్చి జీపుకు కట్టి, అడగకముందే చెప్పాడు.

"మేము తెలుగోల్లం సారూ. మా ఎద్దులు గూడా తెలుగే."

"మంచిదే, ముందు బండి బయటికి లాగించవయ్యా."

నాయన తోకలు పట్టుకుని, "లాగండ్రా నాయనా, లాగండి" అన్నాడు, కొత్త అల్లుళ్ళను బతిమాలినట్టు. ఎద్దులు నెమరు వేస్తూ నిలబడ్డాయి. చెర్నాకోల తీశాడు. అవి తలలు తిప్పి నాయన వైపు చూశాయి, ఈ మనిషికి ఇవాళ ఏమైందన్నట్టు.

"ఏమప్పా, నీ ఎద్దులకు తెలుగు రాదా?" అన్నాడు ఆ టోపీ ఆయన.

నాకు అంతకంటే మంచి అదను దొరుకుతుందా? ముందుకు దూకి, అవ్వ అరిచినట్టే అరిచాను. "ఎళీ బసవా, ఎళీ!" లాగమనే ఆ మాట చెవిన పడగానే ఎద్దులు వంగి లాగాయి. జీపు ఊడి గట్టుమీదికి వచ్చింది, బురదంతా నాయన మీదికి వచ్చింది.

"సూసినారు గదా సారూ, మా ఎద్దులది గూడా కన్నడమే. మమ్మల్ని ఆ పక్కకే రాసుకోండి."

"నువ్వు నోరు మూసుకో మే" అన్నాడు నాయన, బురద తుడుచుకుంటూ.

టోపీ ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "నేను కాలువ కొలవడానికి వచ్చినవాణ్ణి తల్లీ. ఏ పక్కకు పోయినా నీళ్ళు నీది ఏ భాష అని అడగవులే."

చివరికి గీత పడింది. మేము ఇటు, అవ్వ అటు. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే, పత్తి పగిలే వేళకు అవ్వ ఎప్పటిలాగే జొన్నరొట్టెల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఎవరూ ఆపలేదు. అవ్వ బతికున్నన్నాళ్ళూ వచ్చింది. ఆమె పోయాకే ఆ దారిన నడక తగ్గింది. అటు పిల్లను ఇవ్వడం, ఇటు తెచ్చుకోవడం ఒక్కొక్కటే మానేశారు. నేను ఎమ్మిగనూరు మగ్గాల ఇంటికి కోడలినై వచ్చాను. మా ఆయన ఉన్నప్పుడు, నిద్రలో నేను కన్నడం మాట్లాడతానని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు మాట్లాడుతున్నానో లేదో చెప్పే మనిషి లేడు.

మొన్న అవ్వ ఊరి వైపు పోయే సిరుగుప్ప బస్సెక్కాను. సరిహద్దు బోర్డు కనబడగానే, గీత తొక్కకూడదన్నట్టు కాళ్ళు రెండూ సీటు మీదికి ఎత్తుకున్నాను.

"ఏమైందవ్వా, కింద ఏమన్నా ఉందా?" అని పక్కనున్న పిల్ల వంగి చూసింది.

"ఏమీ లేదమ్మా" అన్నాను. బోర్డు వెనక్కి పోయేదాకా దించలేదు మరి.