పరాయి సంచి

ఊరి బస్టాండు వెనక చిన్న కొట్టు కుట్టక్కది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు. ఆ ఊరి చివరే అడవి మొదలవుతుంది. దాని గుండా రోజుల తరబడి సాగే కాలిబాట ఉంది. దాని మీద నడవడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. తెగిన పట్టీలు, ఇరుక్కున్న జిప్పులు, చిరిగిన గుడారాలు అన్నీ ఆమె మిషను ముందుకే చేరతాయి.

"నీ సూది దూరని గుడ్డా లేదు, నువ్వు ఊరు దాటి పోయిన దారీ లేదు" అని వదిన ఎకసెక్కాలాడేది.

కొన్నేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి ఆకుపచ్చ సంచి తెచ్చి బల్ల మీద పడేసింది. ఎడమ పట్టీ ఊడిపోయింది. "గట్టిగా కుట్టక్కా, ఎల్లుండి వస్తా" అని నవ్వి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. సంచి ఖాళీది. పట్టీ కుట్టి తగిలించిన గోడ మేకుకి అలాగే ఉండిపోయింది. వానాకాలం బూజు పడితే ఎండలో వేసేది కుట్టక్క. ఒక్కోసారి మిషను తొక్కుతుంటే ఆ మేకు కింద ఎవరో నిలబడ్డట్టుండేది. తలెత్తి చూస్తే సంచే.

"ఆ దరిద్రాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ!" అనేది వదిన.

ఇవ్వలేదు. ఈ ఏడు కొట్టుకి సెలవు పెట్టి, ఆ సంచిలోనే తన బట్టలూ రొట్టెలూ సర్దుకుని, ఒంటరిగా అడవిదారి పట్టింది. ఎందుకని అడిగితే ఆమెకే సరిగ్గా తెలీదు.

నాలుగో రోజు పొద్దున్నుంచీ మనిషి జాడ లేదు. దారికి రెండు వైపులా నిలువెత్తు పొదలు. ముళ్ళు సంచిని గీరుతున్నాయి. నడుస్తుంటే వెనక పట్టీ కిర్రుమంటోంది. ఆగితే, ఆగిన క్షణం తర్వాత ఇంకోసారి కిర్రుమని అప్పుడు ఆగుతోంది. ఆ కుట్టు తనదే. మైనం రాసిన రెండు పేటల దారం అది, కిర్రుమనదు. "ఎండకి బిగిసుంటుందిలే, పిరికిదానా" అని తనని తనే తిట్టుకుని అడుగుల వేగం పెంచింది.

ఎండ నడినెత్తికొచ్చాక ఎండిన వాగులో కూర్చుని రొట్టె విప్పింది. కాసేపటికి చూసుకుంటే సగం తుంచి పక్క రాయి మీద పెట్టి ఉంది. తనే పెట్టింది. ఎవరికి పెట్టిందో మాత్రం తెలీదు. తిరిగి తీసుకోడానికి చెయ్యి రాలేదు. దాన్ని అక్కడే వదిలేసి లేచింది.

పొద్దు వాలుతుండగా నడిచేవాళ్ళు బస చేసే రేకుల గుడిసె కనబడింది. దాన్ని చూసుకునే ముసలాయన వాకిలి ఊడుస్తున్నాడు. దూరం నుంచే సంచిని చూసి చీపురు పడేసి పరుగున వచ్చాడు.

"వచ్చావా తల్లీ!"

దగ్గరికొచ్చి మొహం చూశాక ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు కాదు. మరి ఈ సంచి?"

"ఒకమ్మాయి కుట్టమని ఇచ్చింది బాబాయ్. మళ్ళీ రాలేదు."

ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఆ పిల్ల ఇటే వచ్చిందమ్మా. వీపున ఏమీ లేదు, చేతులూపుకుంటూ వచ్చింది. సంచి లేకుండా ఎలా పోతావే పిచ్చిదానా అన్నాను. కుట్టడానికిచ్చాను తాతా, కుట్టే అక్క తెచ్చిస్తుంది అంది."

"నేను తెచ్చిస్తానని అనలేదే!" అంది కుట్టక్క. "తనే వస్తానంది."

"సంచి ఆనవాళ్ళు కూడా తనే చెప్పింది. ఆ సంచితో ఆ పిల్ల ఎప్పుడు తిరిగొస్తుందా అని అప్పట్నుంచీ ఈ దారి చూస్తూనే ఉన్నాను."

"ఎటు వెళ్ళింది?"

ఆయన గడ్డంతో చూపించాడు. అటు దారి లేదు. పొదలే. "అధికారులకి చెబితే వచ్చి వెతికారు. అవతల బయటపడి ఉంటుందిలే అని పోయారు. ఇది మా పిల్ల అంటూ ఎవరూ రాలేదమ్మా."

కుట్టక్క పొదల అంచుకి వెళ్ళింది. పిలుద్దామంటే పేరు తెలీదు. "అమ్మాయ్! నీ సంచి తెచ్చాను!" అని అరిచింది.

గాలి లేదు. లోపల దూరంగా ఒక్క పొద కదిలింది. ఒక్కసారి కదిలి ఆగిపోయింది. ఆమె కాలు ముందుకు పడింది. ముసలాయన గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"కుందేలై ఉంటుందమ్మా. రా."

అంటూనే ఆమెని అరుగు దాకా లాక్కొచ్చాడు.

సంచి ఇక్కడే వదిలేస్తానంది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు తల్లీ. ఇక్కడ నేనొక్కణ్ణే ఉంటాను."

చీకటి పడేదాకా ఇద్దరూ అరుగు మీదే కూర్చుని ఆ పిల్ల గురించి చెప్పుకున్నారు. ఈమెకి నవ్వు గుర్తుంది. ఆయనకి చెప్పులు గుర్తున్నాయి, అరిగిపోయినవి. జడ ఉందని ఈమె, జుట్టు కత్తిరించుకుందని ఆయన. ఇద్దరి దగ్గరున్నదీ కలిపినా ఒక మనిషి కాలేదు.

తెల్లారాక కుట్టక్క వెనక్కి తిరగలేదు. సంచి తగిలించుకుని దారి చివరిదాకా నడిచి, బస్సెక్కి ఇల్లు చేరింది.

"అంత దూరం పోయి ఏం చూశావే?" అని నవ్వబోయింది వదిన.

"పొదలు" అంది కుట్టక్క.

వదిన ఆమె మొహం చూసి, మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది.