గంజిలో నూనె

గంజి విషయంలో వీరేశం ఎవరి మాటా వినడు. ఎమ్మిగనూరు నేతగాడు. పడుగుకు గంజి పట్టించడం తాత చేతి దెబ్బలు తిని నేర్చుకున్నవాడు. ఆ ఏడు నూలు రాక మగ్గం మూలపడింది. భార్య అంబమ్మను వెంటబెట్టుకుని ఆదోనికి కూలికి వచ్చాడు. అక్కడ పత్తి మిల్లులకు అవతల బయల్లో, కాలేజీ కుర్రాళ్ల ఎన్.సి.సి. క్యాంపు పడింది.

తుపాకీ భుజాన వేసుకుని కవాతు చేసే కుర్రాళ్లనే జనం చూస్తారు. వెనక ఉన్న గుడారాలను ఎవరు చూస్తారు? వంటవాడు వేళకు పెట్టకపోతే, మంగలి గడ్డం గీయకపోతే, స్టోరువాడు బూట్లు ఇవ్వకపోతే, కాంపౌండరు కాలి బొబ్బలకు మందు రాయకపోతే, ఆ కవాతు ఒక్క పూటా నడవదు. అంబమ్మ వంటగుడారంలో బియ్యం చెరిగేది. వీరేశం చాకలి కాశప్ప చేతికింద ఖాకీ బట్టలకు గంజి పెట్టేవాడు. క్యాంపు ముగిసే నాటికి నూలు వస్తుందని ఊళ్లో నేతగాళ్ల సంఘం నుంచి కబురు వచ్చింది. అందాకా పొట్ట గడిస్తే చాలు, మళ్లీ మగ్గం గుంటలో దిగి కూర్చోవచ్చు. మొగుడూ పెళ్లాల ఆశంతా అదొక్కటే.

రేపు పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడనగా కాశప్పకు జ్వరం తగిలింది. "ఈరేశా, అన్నం వార్సిన గంజి పల్సగ పెట్టు, సాలు. నీ మగ్గం తెలివి ఈడ సూపియ్యొద్దు," అని చెప్పి ఇంటికి పోయాడు. ఆ చివరి మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో!

వీరేశానికి రోషం వచ్చింది. జొన్నపిండి గంజి చిక్కగా కాచాడు. పోగులు బిరుసెక్కి తెగిపోకుండా నేతగాళ్లు గంజిలో కాస్త నూనె కలుపుతారు. వీరేశం వంటగుడారం నుంచి నువ్వుల నూనె తెచ్చి ధారగా పోశాడు. ఇస్త్రీ అయ్యాక ఆ నిక్కర్లు తళతళలాడుతూ వాటంతటవే నిలబడ్డాయి. మగ్గం మీద పడుగు నేలకు తగలదు. స్టోరు గుడారంలో బట్టలు మట్టి మీదే దొంతర్లుగా పడి ఉంటాయి. ఆ తేడా ఆ మహానుభావుడికి తట్టలేదు.

తెల్లారేలోగా ఎర్రచీమలకు తెలిసిపోయింది. మసక వెలుతురులో, బూర ఊదగానే, కుర్రాళ్లు హడావిడిగా బట్టలు తొడుక్కుని పరుగెత్తారు. ఎండెక్కి ఒళ్లు వేడెక్కాక చీమలు పని మొదలుపెట్టాయి. పెద్దాఫీసరు ముందు వరసలోకి వచ్చేసరికి ఒకడు తుపాకీ వదిలేసి తొడలు గీరుకున్నాడు. ఇంకొకడు నిక్కరు విప్పేశాడు. చూస్తుండగానే వరసలన్నీ చెదిరిపోయాయి. ఆఫీసరు ముఖం చిట్లించుకుని జీపెక్కి వెళ్లిపోయాడు.

కవాతు నేర్పే హవల్దారు పేరు బజారి, ఊరు నందవరం. బర్మా యుద్ధంలో చావు చూసి వచ్చాడు. చావు కంటే నగుబాటుకే ఎక్కువ భయపడేవాడు. నడుము బెల్టు ఊడదీసుకుంటూ చాకలి గుడారంలోకి దూరాడు.

"ఎవుడ్రా గంజి పెట్టింది?"

"నేనే అప్పా. తప్పయిపోయినాది."

ఇత్తడి బిళ్ల వీరేశం చెంప చీల్చింది. రెండో దెబ్బకు నేలమీద పడ్డాడు. వీపు మీద, చెవుల మీద, మోకాళ్ల మీద బెల్టు ఆగకుండా పడింది. ముక్కు నుంచి రక్తం కారి గడ్డమంతా తడిసింది. ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు. వీరేశం కుడిచేతిని మాత్రం పొట్టకింద దాచుకుని బోర్లా పడుకున్నాడు. మగ్గం తాడు లాగేది ఆ చెయ్యే. ముఖం పోయినా నేయవచ్చు, చెయ్యి పోతే ఏం చేస్తాడు?

ఆ జాగ్రత్తే కొంప ముంచింది. బజారి కంట పడింది.

"ఆ సెయ్యి ఎందుకు దాస్తాండావురా? దాంతోనే కలిపినావా?"

"ఒద్దప్పా! ఎడమసెయ్యి ఇరగ్గొట్టు, కాళ్లిరగ్గొట్టు. ఇది ఒద్దు సామీ!"

బజారి జుట్టు పట్టి ఈడ్చి, ఆ చేతిని చాకిబండ మీదికి లాగి, ఇనుప నాడాలు కొట్టిన బూటు పైకెత్తాడు. వంటవాడు, మంగలి, కాంపౌండరు, ఒళ్లంతా దద్దుర్లతో కుర్రాళ్లు, అందరూ గుడారం వాకిట్లో నిలబడి చూశారు. ఒక్కడికీ నోరు పెగల్లేదు. సిగ్గులేని కళ్లు! బూటు దిగింది. ఎముకలు చిట్లిన చప్పుడు అందరికీ వినిపించింది.

రెండోసారి బూటు లేచింది కాని దిగలేదు. కేక విని వంటగుడారం నుంచి పరుగెత్తుకొచ్చిన అంబమ్మ, మర్నాటి బట్టలకని వీరేశం పొద్దున్నే చాకలి పొయ్యి మీద పెట్టగా కుతకుత ఉడుకుతున్న గంజికుండ చెంగుతో పట్టి ఎత్తి, అతని కాళ్ల మీద కుమ్మరించింది. నూనె కలిసిన జొన్న గంజి, నీళ్లలా జారిపోయే రకం కాదు, పట్టుకుంటే వదలదు. బజారి పొర్లాడుతూ అరిచిన అరుపులు మిల్లుల దాకా వినిపించాయి. కాంపౌండరు బూటు కోసి తీస్తే మేజోడుతో పాటు తోలూ ఊడివచ్చింది.

విచారణలో మాత్రం అందరికీ నోళ్లు వచ్చాయి. గంజికుండ ఒలికిందని వంటవాడు చెప్పాడు. అవునన్నాడు మంగలి. కాంపౌండరూ అదే రాశాడు. తనిఖీ నాటి బాగోతం మళ్లీ ఎక్కడ బయటికి వస్తుందోనని బజారి కూడా నోరు మూసుకున్నాడు.

చెప్పినట్టే నూలు వచ్చింది. వీరేశం కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. అంబమ్మ రోజూ పొద్దున మగ్గం తాడు అతని మణికట్టుకు కట్టేది, సాయంత్రం విప్పేది. అలా కట్టిన తాడుతోనే బతుకంతా నేశాడు. ఆ చెయ్యికి ఏమైందని కొత్తవాళ్లు అడిగితే తలొంచుకుని నేసుకునేవాడు. జవాబు అంబమ్మ చెప్పేది.

"తప్పు నాదే అన్నా. కుండ ఎత్తేది రవ్వంత ఆలిస్యం సేసినాను."