సారు ఇంటి గడియ

"సారు తలుపు తీస్తలేరు. లోపల గడియ పెట్టి ఉన్నది," అని తార్నాక నుంచి పక్క ఫ్లాటావిడ పొద్దున్నే ఫోన్ చేసింది. మొదటి మాటకు కాదు, రెండో మాటకు లేచి బయల్దేరాను. ముప్ఫై ఏళ్లలో ఆ తలుపుకు గడియ పడటం నేను చూడలేదు. నేను వెళ్లేసరికి తలుపు పగలగొట్టారు. మా సారు కుర్చీలోనే పోయారు.

యూనివర్సిటీలో నాకు సముద్రం అడుగును చదవడం నేర్పింది ఆయనే. శబ్దాన్ని పంపి తీసే ఆ బొమ్మల్లో వస్తువుకన్నా దాని వెనక నీడ స్పష్టంగా ఉంటుంది. "ముందు నీడను కొలువు బిడ్డా," అనేవారు. ఎనభై దాటినా జేబులో చిన్న స్కేలుతో క్యాంపస్‌కు నడిచొచ్చి, మా ల్యాబులో చాయ్ తాగి, నా తప్పులు పట్టి వెళ్లేవారు. నాకు దొరికిన అదృష్టం అది.

దొంగలొస్తారని భయపెడితే, "వచ్చేటోడు తలుపు కొట్టి మళ్లిపోవద్దు," అనేవారు. ఎవరొస్తారని మేం నవ్వుకునేవాళ్లం.

పోయిన నెల లోతు సముద్రపు బొమ్మలో ఒక ముద్ద కనిపిస్తే బండరాయని రాసేశాను. సారు నీడ కొలిచారు. "రాయి కాదు. చక్రాలున్నయి." రెండో ప్రపంచయుద్ధం నాటి మిలిటరీ లారీ. ఎవరో ఇప్పుడే ఆపి వెళ్లినట్టు చక్రాల మీద నిలబడి ఉంది. నీడలో డ్రైవరు పక్క తలుపు తెరిచినట్టు ఒక రెక్క.

అప్పుడు చెప్పారు. వాళ్ల నాన్న ఆ యుద్ధంలో లారీ డ్రైవరు. లారీలను ఎక్కించుకుపోతున్న ఓడ మునిగింది, మనిషి రాలేదు. 'ఓడల చోటు లేదు, నా లారీలనే పండుకుంటున్న' అన్నది ఆఖరి ఉత్తరం. అప్పటికి సారు తల్లి కడుపులో ఉన్నారు. ఆమె బతికినన్నాళ్లు గడియ పెట్టనివ్వలేదు. తర్వాత సారూ పెట్టలేదు.

"మా నాయిన బండే అని నేనంటలే. తలుపు తెరిచుంటే ఆ డ్రైవరు దిగినట్టే. ఆ సంగతి మాత్రం చూసి చెప్పు," అన్నారు.

పక్క ఫ్లాటావిడ ఫోన్‌కు ముందు రోజే కెమెరా సముద్రం అడుగుకు దిగింది. రెక్క అనుకున్నది పక్కకు ఒరిగిన ఇనుపరేకు. లారీ తలుపులు రెండూ మూసే ఉన్నాయి. అద్దాల వెనక ఏమీ కనిపించలేదు, చీకటి తప్ప. సాయంత్రం సారు ఫోన్ చేసి అడిగారు.

"తెరిచే ఉన్నది సార్," అన్నాను. ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే.

"మంచిది బిడ్డా. ఇగ పండుకుంట," అని పెట్టేశారు.

పొద్దున నేను వెళ్లి చూసేసరికి ఆయన ఒళ్లో ఆ లారీ బొమ్మ ఉంది, దాని మీద స్కేలు. రెక్క పక్కన ఆయన చేతిరాత: 'రేకు. తలుపు మూసే ఉన్నది.' కింద తేదీ, నేను బొమ్మ చూపించిన రోజుది. ఆయనకు మొదటి రోజే తెలుసు. నా అబద్ధం విని గడియ పెట్టారో, ఎవరూ రారని తన కొలతను నమ్మి పెట్టారో ఇక అడగలేను.

అందరూ వెళ్లాక తలుపు దగ్గరికి లాగాను. విరిగిన గడియ వేలాడుతోంది. మూసిన ప్రతిసారీ ఆ తలుపు, మనిషి పట్టేటంత, మెల్లగా తెరుచుకుంటోంది.